హెచ్‌పీవీ పరీక్షకు నమూనా మీరే తీసుకోవాలంటే

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్లలో దాదాపు అన్నింటికీ మూలం హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్). వైరస్ సోకిన కణాలు రాలి యోనిలోకి వస్తుంటాయి. అందుకే నమూనా తీసే దూది పుల్ల (స్వాబ్) ముఖద్వారం దాకా వెళ్లనక్కర్లేదు, యోని గోడలకు తగిలితే చాలు. ల్యాబ్‌లో చేసేది పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి గుర్తించే) పద్ధతి పరీక్షయితే ఈ నమూనా డాక్టరు తీసినదానికి దాదాపు సమానంగా పనిచేస్తుంది. ముఖద్వారం కణాలను మైక్రోస్కోపులో చూసే పాప్ స్మియర్‌కు మాత్రం పనికిరాదు. నమూనా తీసుకునే కిట్ కొనే ముందే, చేసేది పీసీఆర్ పరీక్షేనా అని ల్యాబ్‌లో అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ల నుంచి, హెచ్ఐవీ ఉన్నవారికైతే 25 నుంచి పరీక్ష మొదలెట్టమంటుంది. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవాళ్లకూ ఇది తప్పదు. కలయిక తర్వాతో, నెలసరి ఆగిపోయాకో రక్తం కనిపిస్తుంటే కిట్ జోలికి పోకుండా నేరుగా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. గర్భిణులు ముందు డాక్టరును అడగాలి.

నెలసరి రోజుల్లో వద్దు. యోనిలో పెట్టే క్రీములు, మాత్రలు రెండు రోజుల ముందే ఆపండి. చేతులు కడిగి బాగా ఆరనివ్వండి. ట్యూబు మూత తీసి అందేచోట పెట్టుకున్నాకే స్వాబ్ ప్యాకెట్ విప్పండి; ఒక చేత్తో స్వాబ్, ఇంకో చేత్తో మూత అంటూ తడబడేటప్పుడే అది కిందపడుతుంది. దూది కొనను వేళ్లతో తాకినా, కిందపడినా ఆ స్వాబ్ పనికిరాదు.

గొంతుక్కూర్చోండి, లేదా ఒక కాలు స్టూలు మీద పెట్టి నిలబడండి. ఒళ్లు బిగబట్టకుండా, స్వాబ్‌ను నడుము వైపు కాస్త వాలుగా సుమారు 5 సెంటీమీటర్లు లోపలికి పోనివ్వండి. చాలా స్వాబ్‌ల మీద అంతవరకూ గుర్తు ఉంటుంది. గోడలకు ఆనించి 20 నుంచి 30 సెకన్లు మెల్లగా తిప్పండి. ఎక్కువమంది పొరపాటు ఇక్కడే: భయంతో అంచు దగ్గరే తిప్పి తీసేస్తారు, కణాలు చాలవు, రిపోర్టులో ‘ఇన్‌వ్యాలిడ్’ అని వస్తుంది. అది జబ్బు కాదు, మళ్లీ నమూనా ఇమ్మని.

తీసిన వెంటనే ట్యూబులో పెట్టి మూత బిగించండి. లోపల ద్రవం ఉంటే ఒలకబోయకండి. కొన్ని కిట్లలో పుల్లను గీత దగ్గర విరవాలి, కొన్నింటిలో ద్రవంలో కడిగి పారేయాలి. మీ కిట్ కాగితం చెప్పిందే చేయండి. పేరు, తేదీ రాయని ట్యూబును ల్యాబ్ పక్కన పడేస్తుంది.

నెగెటివ్ వస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మళ్లీ పరీక్ష 5 నుంచి 10 ఏళ్లకు, హెచ్ఐవీ ఉన్నవారికైతే 3 నుంచి 5 ఏళ్లకు. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు. చాలామందిలో వైరస్ ఏడాది రెండేళ్లలో తనంతటదే పోతుంది. అలాగని ఊరుకోకూడదు. హెచ్‌పీవీలో 16 లేదా 18 రకమని వస్తే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరీక్ష) చేయించాలి. మిగతా రకాలైతే ముందు డాక్టరు ముఖద్వారాన్ని చూసి పరీక్షించాలి. కిట్ అడిగేటప్పుడే, పాజిటివ్ వస్తే ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో కూడా కనుక్కోండి.