వర్క్‌షాప్‌లో త్రీ ఫేజ్ సాకెట్లకు సర్క్యూట్ డిజైన్ చేయడం ఎలా?

ఒక మెషీన్‌కు నేరుగా వైరింగ్ లాగడం వేరు, సాకెట్‌కు లాగడం వేరు. మెషీన్ అయితే దాని మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో ముందే తెలుస్తుంది. సాకెట్‌కు ఆ హామీ లేదు. ఇవాళ దానికి డ్రిల్లింగ్ మెషీన్ ఉంటుంది, రేపు ఎవరో కంప్రెసర్ తెచ్చి పెడతారు, ఎల్లుండి వెల్డింగ్ సెట్. ప్లగ్ పెట్టేవాళ్లు డీబీ (కరెంటును సర్క్యూట్లకు పంచే పెట్టె) తలుపు తీసి లోపల ఏ ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తెగే స్విచ్) ఉందో చూడరు. అందుకే ఇప్పుడున్న మెషీన్‌ని కాదు, సాకెట్ మీద రాసిన రేటింగ్‌ని చూసి సర్క్యూట్ డిజైన్ చేయాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

లెక్కలు ఎవరైనా వేసుకోవచ్చు. కనెక్షన్లు, టెస్టింగ్ మాత్రం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. ఇక్కడి అంకెలు 400/230 వోల్టుల సప్లైకి వర్తిస్తాయి. మీ దగ్గర అమల్లో ఉన్న వైరింగ్ నిబంధనలు ఇంతకంటే గట్టిగా ఉంటే వాటినే పాటించండి.

1. మెషీన్ల జాబితా రాయండి

ప్రతి మెషీన్ నేమ్‌ప్లేట్ చూసి ఆంపియర్లు రాసుకోండి. ఆంపియర్లు లేకపోతే వాట్లను 1.732, వోల్టేజ్, పవర్ ఫ్యాక్టర్, ఎఫిషియెన్సీల గుణకారంతో భాగించాలి. 5.5 కిలోవాట్ల మోటారుకు పవర్ ఫ్యాక్టర్ 0.85, ఎఫిషియెన్సీ 0.88 అనుకుంటే, 5500ని (1.732 × 400 × 0.85 × 0.88)తో భాగిస్తే సుమారు 10.6 ఆంపియర్లు వస్తుంది. స్టార్టర్ ఏ రకమో కూడా పక్కనే రాయండి. నేరుగా లైన్ మీద స్టార్ట్ అయ్యే మోటారు మొదటి క్షణాల్లో దీనికి 6 నుంచి 8 రెట్లు లాగుతుంది. ఈ సంగతి మూడో దశలో అక్కరకొస్తుంది.

2. సాకెట్ ఎంచుకోండి

ఐఈసీ 60309 ప్రమాణంలోని ఎర్ర రంగు ఇండస్ట్రియల్ సాకెట్లు ఈ వోల్టేజ్‌కు సరిపోతాయి. 16, 32, 63, 125 ఆంపియర్లలో దొరుకుతాయి. వీటిలో ఎర్త్ పిన్ మిగతావాటికంటే లావుగా ఉంటుంది. ప్లగ్ పెట్టేటప్పుడు అదే ముందు కలుస్తుంది, తీసేటప్పుడు చివర విడిపోతుంది.

4 పిన్నులా, 5 పిన్నులా అని అడిగితే నేను 5 అనే అంటాను. మోటారుకు న్యూట్రల్ అక్కర్లేకపోయినా, చాలా మెషీన్లలో కంట్రోల్ సర్క్యూటో లైటో 230 వోల్టుల మీద నడుస్తుంది. న్యూట్రల్ లేని సాకెట్ దగ్గర ఎవరో ఒకరు దాన్ని ఎర్త్ నుంచి తీసుకుంటారు. అది ప్రాణాంతకమైన పని, దానికి అవకాశమే ఇవ్వకండి.

నీళ్లు చిందే చోట ఐపీ44 (ఐపీ అంటే దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఉండే రక్షణ స్థాయి), కూలెంట్ గానీ రంపపు పొట్టు గానీ బాగా పడే చోట ఐపీ67 తీసుకోండి. 63 ఆంపియర్లు, ఆపైన ఇంటర్‌లాక్ స్విచ్ ఉన్నదే పెట్టండి. స్విచ్ ఆఫ్ చేస్తే తప్ప దాని ప్లగ్ బయటికి రాదు.

3. ఎంసీబీ

ఎంసీబీ రేటింగ్ సాకెట్ రేటింగ్‌ను దాటకూడదు. 16 ఆంపియర్ల సాకెట్లు రెండింటిని ఒకే 32 ఆంపియర్ల ఎంసీబీ మీద పెట్టేస్తుంటారు. అలా పెడితే ఒక్కో సాకెట్ గుండా 32 ఆంపియర్లు పోయినా ఎంసీబీ కదలదు. 32, ఆపైన ఒక్కో సాకెట్‌కు ఒక్కో సర్క్యూట్ ఇవ్వండి. విడివిడి సింగిల్ పోల్ ఎంసీబీలు మూడు పెట్టొద్దు. ఒకటే ట్రిప్ అయితే మోటారు రెండు ఫేజ్‌ల మీద మూలుగుతూ కాలిపోతుంది. మూడు ఫేజ్‌లూ ఒకేసారి తెగే మల్టీ పోల్ ఎంసీబీయే కావాలి.

ఇక కర్వ్, అంటే ఎంత కరెంటుకు ఎంసీబీ తక్షణం ట్రిప్ అవుతుందో చెప్పే రకం. పైన చెప్పిన 10.6 ఆంపియర్ల మోటారు స్టార్టింగ్‌లో 64 నుంచి 85 ఆంపియర్ల దాకా లాగొచ్చు. 16 ఆంపియర్ల ‘బి’ కర్వ్ ఎంసీబీ 48 నుంచి 80 మధ్యే తక్షణం ట్రిప్ అవుతుంది, కాబట్టి పనికిరాదు. ‘సి’ కర్వ్ 80 నుంచి 160 మధ్య ట్రిప్ అవుతుంది, చాలావరకు నిలుస్తుంది. ‘డి’ కర్వ్ 160 దాకా ఓర్చుకుంటుంది గానీ, ఎర్త్ ఫాల్ట్ లూప్ (ఫాల్ట్ వస్తే కరెంటు ఎర్త్ గుండా తిరిగి వెళ్లే దారి) ఇంపెడెన్స్, అంటే నిరోధం, అంత తక్కువ ఉండాలి. దాని సంగతి ఐదో దశలో.

4. కేబుల్ సైజు

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వైర్లు మోయగల కరెంటు పట్టికలో 6 స్క్వేర్ ఎంఎం రాగి పీవీసీ వైరు, గోడ మీది కాండ్యూట్ (వైర్లు పోయే గొట్టం)లో, మూడు ఫేజ్‌లకు 36 ఆంపియర్లు మోస్తుందని ఉంటుంది. 32 ఆంపియర్ల సాకెట్‌కు సరిపోయిందని వైరు కొనేస్తాం. కానీ ఆ 36 అనేది చుట్టూ 30 డిగ్రీలు ఉన్నప్పటి, ఆ కాండ్యూట్‌లో ఒక్క సర్క్యూటే ఉన్నప్పటి మాట.

రేకుల షెడ్డులో పైకప్పు కింద 40 డిగ్రీలు ఉంటుందనుకోండి. దానికి 0.87తో గుణించాలి. అదే కాండ్యూట్‌లో ఇంకో సర్క్యూట్ కూడా పోతుంటే మళ్లీ 0.80. ఇప్పుడు 32ను (0.87 × 0.80)తో భాగించండి, 46 వస్తుంది. పట్టికలో 46 మోసేది 6 కాదు, 10 స్క్వేర్ ఎంఎం (50 ఆంపియర్లు). 6తో లాగి ఉంటే ఎంసీబీ ట్రిప్ కాదు, ఎవరికీ తెలియదు, వైరు మీది ఇన్సులేషన్ మాత్రం ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కుతుంది. ఆ సర్క్యూట్‌ను వేరే కాండ్యూట్‌లో వేసినా లెక్క 37 దగ్గర ఆగుతుంది, 36 చాలదు.

తర్వాత వోల్టేజ్ డ్రాప్. 10 స్క్వేర్ ఎంఎంకు మీటరుకు, ఆంపియర్‌కు 3.8 మిల్లీ వోల్టులు పోతాయి. 40 మీటర్లు, 32 ఆంపియర్లు అయితే 4.9 వోల్టులు, అంటే 1.2 శాతం. సాధారణంగా ఒప్పుకునే హద్దు 5 శాతం. మెయిన్ నుంచి డీబీ దాకా పోయే డ్రాప్ కూడా ఇందులోనే కలపాలి.

5. ఎర్త్, ఆర్‌సీసీబీ

ఎర్త్ వైరు, ఫేజ్ వైరు 16 స్క్వేర్ ఎంఎం దాకా ఒకే సైజులో ఉండాలి. 230ని ఎంసీబీ తక్షణం ట్రిప్ అయ్యే గరిష్ఠ కరెంటుతో భాగిస్తే లూప్ ఇంపెడెన్స్ హద్దు తెలుస్తుంది. 32 ఆంపియర్ల ‘సి’కి 320 ఆంపియర్లు కాబట్టి 0.72 ఓములు, ‘డి’కి 640 కాబట్టి 0.36. అంత తక్కువ లూప్ లేనిచోట, ముఖ్యంగా సొంత ఎర్త్ గుంత మీదే ఆధారపడేచోట, రక్షణంతా లీకేజీని పసిగట్టి సప్లై తెంచే ఆర్‌సీసీబీదే.

32 ఆంపియర్ల దాకా ప్రతి సాకెట్‌కూ 30 మిల్లీ ఆంపియర్ల 4 పోల్ ఆర్‌సీసీబీ పెట్టండి. వర్క్‌షాప్ అంతటికీ ఒకటే పెడితే, ఒక గ్రైండర్‌లో లీకేజీ వస్తే అన్ని మెషీన్లూ ఆగుతాయి. త్రీ ఫేజ్ డ్రైవ్ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) ఉన్న మెషీన్ వచ్చే సాకెట్‌కు ‘టైప్ బి’ ఆర్‌సీసీబీ కావాలి. డ్రైవ్ నుంచి వచ్చే డీసీ లీకేజీని మామూలు ఆర్‌సీసీబీ పట్టుకోలేదు సరికదా, ఆ డీసీ వల్ల అసలైన ఫాల్ట్‌ను కూడా అది గుర్తించకపోవచ్చు.

కరెంటు పోయి వచ్చినప్పుడు మెషీన్ దానంతట అది తిరగకూడదు. ఆ పని మెషీన్ స్టార్టర్‌లోని నో వోల్ట్ కాయిల్‌ది. అది లేని మెషీన్‌ను ఈ సాకెట్లకు పెట్టనివ్వకండి.

6. టెస్టింగ్

సప్లై ఆపి, డీబీకి తాళం వేసి, టెస్టర్‌తో డెడ్ అని తేల్చుకున్నాక ఎర్త్ కంటిన్యుటీ చూడాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ కనీసం 1 మెగా ఓమ్ రావాలి. సప్లై ఇచ్చాక లూప్ ఇంపెడెన్స్, ఆర్‌సీసీబీ ట్రిప్ టైమ్ (30 మిల్లీ ఆంపియర్ల దగ్గర 300 మిల్లీ సెకన్ల లోపు) చూడాలి.

చాలామంది వదిలేసేది ఫేజ్ సీక్వెన్స్. ఒక రంపం మెషీన్‌ను ఈ గోడ దగ్గర్నుంచి ఆ గోడకు మార్చగానే ఎదురు తిరగడం నేను కళ్లారా చూశాను. సాకెట్‌లో రెండు ఫేజ్‌లు తారుమారయ్యాయి, అంతే. బ్లేడ్ ఎదురు తిరిగితే దాన్ని పట్టి ఉంచే నట్ వదులయ్యే ప్రమాదం ఉంది. ఫేజ్ సీక్వెన్స్ మీటర్‌తో ప్రతి సాకెట్‌ను ఎల్1, ఎల్2, ఎల్3 వరసలో చెక్ చేయండి. తేడా ఉంటే ఆ సాకెట్ వెనకే రెండు ఫేజ్‌లు మార్చాలి. మెషీన్ ప్లగ్‌లో మార్చి సర్దుకుంటే అదే మెషీన్ మరో సాకెట్ దగ్గర మళ్లీ ఎదురు తిరుగుతుంది.

చివరగా, ఏ సాకెట్ ఏ ఎంసీబీ మీద ఉంది, కేబుల్ సైజెంత, టెస్టింగ్‌లో ఎంత రీడింగ్ వచ్చింది, ఏ తేదీన చూశారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డీబీ తలుపు లోపల అంటించండి. అదే నంబరు సాకెట్ మీద కూడా రాయండి.