రోడ్డు దాటే జీవాలను ఊరివాళ్లు కాపాడుకోవడం ఎలా?

నల్లమల గుండా శ్రీశైలం వెళ్లే రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు వద్ద రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను ఆపుతారు. కానీ దుప్పులు, కుందేళ్లు ఎక్కువగా కదిలే సంజవేళ ఆ నిషేధంలోకి రాదు. అడవి అంచు ఊళ్ల రోడ్లకు ఆ రక్షణ కూడా లేదు. అక్కడ పూనుకోవలసింది ఊరివాళ్లే.

ముందుగా ఒక నోటుపుస్తకం పెట్టండి. చనిపోయిన జీవి కనిపించినప్పుడల్లా తేదీ, వేళ, దగ్గరి కిలోమీటరు రాయి, అది మలుపో వాగు దగ్గరో రాసి, ఫొటో తీయండి. తొలకరికి కప్పలు, వాటి వెంట పాములు రోడ్డెక్కుతాయి కనుక ఒక వానాకాలమైనా పూర్తిగా నమోదు చేయాలి. మరణాలు ఏ చోట మళ్లీ మళ్లీ జరుగుతున్నాయో తెలియకుండా పెట్టే బోర్డు వల్ల ప్రయోజనం ఉండదని నా నమ్మకం.

చిన్న కళేబరాలను వాహనాలు లేనప్పుడు పారతో పక్కకు తీయాలి. లేకపోతే వాటి కోసం వచ్చే నక్కలు, గద్దలు కూడా చక్రాల కింద పడతాయి. దుప్పి వంటి పెద్ద జీవి చనిపోయినా గాయపడినా, ముట్టుకోకుండా అటవీ బీట్ అధికారికి చెప్పండి. దాని మాంసం తీసుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

తర్వాత కారణాలను తొలగించాలి. పుణ్యమని అరటిపండ్లు వేసేవారి వల్లే కోతులు పిల్లలతో సహా రోడ్డుపై కాచుకుంటాయి. ఈ మాట యాత్రికులకు ఓపికగా, మర్యాదగా చెప్పాలి. రోడ్డుపై వడ్లు ఆరబోస్తే గింజలకు ఎలుకలు, ఎలుకలకు పాములు, గుడ్లగూబలు వస్తాయి కనుక, ఆరబోతకు వేరే కళ్లం చూపమని పంచాయతీని అడగండి. పూడిపోయిన తూములను వానలకు ముందే బాగుచేస్తే తాబేళ్లు, ముంగిసలు వాటి గుండా అవతలికి పోగలవు. రెండువైపుల కొమ్మలు కలిసే చోట వాటిని నరకనివ్వకండి, అది కొండముచ్చుల దారి.

చివరగా, గ్రామసభ తీర్మానంతో పాటు నోటుపుస్తకం నకలును అటవీ, రోడ్ల శాఖలకు ఇవ్వండి. జాతీయ రహదారిపై సాధారణంగా స్పీడ్ బ్రేకర్లను అనుమతించరు కాబట్టి, అక్కడ వేగ పరిమితి బోర్డులు, రంబుల్ స్ట్రిప్పులు (చక్రాలకు కుదుపు తగిలి డ్రైవరు వేగం తగ్గించేలా రోడ్డుకు అడ్డంగా వేసే వరుస పట్టీలు) కోరాలి. రోడ్డు వెడల్పు చేసే ప్రతిపాదన వస్తే మాత్రం జంతువులకు కింది దారులే అడగండి: మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులోని పెంచ్ అడవిలో 44వ నంబరు జాతీయ రహదారి కింద కట్టిన దారుల్లో పులులు సైతం నడిచి వెళ్లడం కెమెరాల్లో నమోదైంది.