బడిపిల్లల్ని పొలం చూపించడానికి తీసుకెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మార్చిలో చిత్తూరు, తిరుపతి వైపు మామిడి తోపులు పిందె మీద ఉంటాయి, కొన్నిచోట్ల బెల్లం గానుగలు ఇంకా ఆడుతుంటాయి. చిన్న తరగతుల పిల్లలకు చూపించడానికి మంచి కాలం. అయితే పని జరుగుతున్న పొలంలో పిల్లల కోసం ఏదీ ఆగదు. అందుకే ఒక టీచరు ముందురోజే వెళ్లి, రైతుతో కలిసి పొలమంతా తిరిగి రావాలి. ఫోన్లో అడిగితే చాలదు.

అన్నిటికన్నా ముందు నీళ్లు. పాత బావులకు చాలాచోట్ల చుట్టుగోడ ఉండదు. అంతకన్నా మోసం చేసేది ప్లాస్టిక్ షీటు పరిచిన నీటికుంట. తడిసిన షీటు మీద పాచి పడుతుంది. జారిన బిడ్డ ఎంత పాకినా పట్టు దొరకదు. ఈత వచ్చిన పెద్దవాళ్లకే తాడు లేనిదే గట్టెక్కడం కష్టం. కంచె, తాళం లేని కుంటైతే ఆ వైపు దారే పెట్టుకోకండి. గట్టు మీద నిలబెట్టి చూపిద్దామనుకోవద్దు, జారేది ఆ అంచే.

మామిడికి తేనెమంచు పురుగు మందు కొట్టేది ఈ రోజుల్లోనే. ఎప్పుడు కొట్టారో అడగండి. వారం లోపైతే ఆ తోపు వదిలేయండి. ఖాళీ మందు డబ్బాలు బోరు దగ్గరా గట్ల మీదా పడి ఉంటాయి, ముందే ఏరించాలి. రాలిన పిందె కనిపిస్తే పిల్లలు కొరక్కుండా ఉండరు. మందు సంగతి అలా ఉంచినా, తొడిమ దగ్గర కారే సొన తగిలితే పెదవి పొక్కుతుంది. వెంటనే సబ్బుతో కడగాలి.

గానుగ రోలర్లు చెరకుతో పాటు చేతినీ లాగేస్తాయి. పాకం ఉడికే పెనం చాలాచోట్ల నేల ఎత్తులోనే ఉంటుంది, పాకం ఒంటికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. తాడు కట్టి, పదిహేను అడుగుల ఇవతల నుంచే చూపండి. గడ్డి కోసే మిషను, ట్రాక్టరు ఆపి ఉండాలి, తాళం రైతు జేబులో ఉండాలి.

పుంగనూరు ఆవు పొట్టిది కదా అని పిల్లలు మీదికి పోతారు. దానికీ కొమ్ములున్నాయి. కొత్తగా ఈనిన ఏ ఆవు దగ్గరికీ, దూడ దగ్గరికీ వద్దు. పశువుల్ని తాకాక, ఏదైనా తినే ముందు సబ్బుతో చేతులు కడిగించాలి. పేడ అంటిన చేతికి శానిటైజర్ పనిచేయదు. పచ్చిపాలు గుక్కెడు కూడా తాగించొద్దు.

పలమనేరు, కుప్పం వైపు అడవి పందుల కోసం పొలం చుట్టూ కరెంటు తీగలు లాగేవాళ్లున్నారు. అది నేరం, అయినా ఉంటాయి. పక్క పొలం సంగతీ అడగండి. ఏ తీగనూ ముట్టకూడదని పిల్లల చేత చెప్పించండి.

ఐదుగురికి ఒక పెద్ద మనిషి, కాళ్లకు బూట్లు, నెత్తికి టోపీ. ఏడింటికి చేరి పదిన్నరకల్లా బస్సెక్కాలి. పాము కరిస్తే కోయొద్దు, తాడు బిగించొద్దు, నడిపించొద్దు; కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఎత్తుకుని తీసుకెళ్లాలి. విరుగుడు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వాసుపత్రి ఏదో ముందే కనుక్కుని, డ్రైవరుకు దారి చెప్పి, తిరిగి వచ్చేదాకా బస్సును పొలం దగ్గరే ఉంచండి.