చైవ్స్ కాడలు దారాల్లా సన్నబడితే నేను చేసింది (నా అనుభవం)

న్యూజెర్సీలో మా పెరటి కుండీలో చైవ్స్ (ఉల్లి జాతి మొక్క, సన్నటి కాడల కోసం పెంచుతారు) వేసి నాలుగేళ్లయింది. మొదట్లో గుబురుగా వచ్చేవి. పోయినేడు కాడలు సన్నబడి, కొసలు పసుపెక్కి, కుదురు నడిమధ్య బోసిపోయింది. ఎరువు వేశా, నీళ్లు పెంచా, తగ్గించా, కుండీని ఎండలోకి జరిపా, ఏదీ పనిచేయలేదు.

ఈసారి ఏప్రిల్‌లో, మొలకలు రెండంగుళాలు లేచాక, ముందురోజు సాయంత్రం బాగా నీళ్లు పోసి, పొద్దున కుండీ బోర్లించి తట్టాను. మట్టే కనపడలేదు, అంతా వేళ్లే! పాత కూరగాయల కత్తితో ముద్దను నాలుగు ముక్కలు చేసి, ఆపైన చేత్తో విడదీశాను. నడుమ ఎండిపోయినవి పారేశాను. ఎనిమిది, పది చిన్న గడ్డలు కలిపి ఒక కుదురు. కొత్త మట్టిలో కంపోస్టు కలిపి, మునుపటి లోతులోనే, జానెడు ఎడంగా నాటాను. రెండు వారాలు తడి ఆరనివ్వలేదు. మే చివరికి కాడలు మళ్లీ లావుగా వచ్చాయి.

ఇక్కడి చలికి ఇది కుదిరింది. హైదరాబాద్ ఎండలకు ఇదే మందు అనలేను. అక్కడైతే వేడిని కాస్త తట్టుకునే చదునాకుల రకం, అంటే వెల్లుల్లి వాసన వచ్చేది, వేసుకోవడం మేలు.

కోసేటప్పుడు అడుగున రెండంగుళాలు వదలండి. ఉల్లికాడల్లా పోపులో వేస్తే వాసనంతా పోతుంది. పొయ్యి ఆపాక ఆమ్లెట్ మీదో, పెరుగు పచ్చడిలోనో చల్లుకోవాలి. ఊదా పూలూ తినొచ్చు, మా అబ్బాయి మాత్రం ముట్టడు.