పదిహేనేళ్లు దాటిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపును ఫిట్‌నెస్ తనిఖీకి సిద్ధం చేసుకోవడం ఎలా?

సొంత వాహనానికి ఆర్సీ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల తనిఖీ అధికారిని మన ఊళ్లలో ఇప్పటికీ ఇలాగే పిలుస్తారు) బండిని చూసి సరేనంటేనే మరో అయిదేళ్లకు రెన్యువల్ అవుతుంది. చాలామంది ముందురోజు బండి కడిగించి, అడుగున నల్లరంగు కొట్టించి తీసుకెళ్తారు. ఆ రంగు కింద ఏముందో ఆయనకు కనిపించకపోవచ్చు. అరకు ఘాట్ దిగేటప్పుడు మాత్రం మనకు తెలిసివస్తుంది. కొద్ది నిమిషాల తనిఖీలో ముందు ఇరుసు, క్రాస్ జాయింట్ల (ఇంజన్ శక్తిని ఇరుసులకు చేర్చే షాఫ్టుల చివరి కీళ్ల) అరుగుదల బయటపడుతుందని నమ్మకం లేదు. అందుకే పాత ఫోర్ వీల్ బండికి అసలు తనిఖీ మనమే చేసుకోవాలి.

రెండు నెలల ముందే మొదలుపెట్టండి. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి కార్లు, జీపుల రెన్యువల్ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో ఇంకా పెంచారు. ఆలస్యమైతే నెలకు 500 అదనం. పాత బండ్లకు విడిభాగాలు దొరకడానికే వారాలు పడుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగవద్దు.

రంగు వేయకముందే అడుగు చూడండి. ఛాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) పట్టిన మట్టిని నీళ్లతో పూర్తిగా వదిలించి, ఆరాక చిన్న సుత్తితో వరసగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట మొద్దుగా వినిపిస్తుంది, పెచ్చులు రాలతాయి. కమాను కట్టల (పట్టీ స్ప్రింగుల) కొక్కేల దగ్గర, పొలం మట్టి నిలిచే మూలల్లో ఎక్కువసేపు గడపండి. తుప్పు తినేసిన ఇనుమును కోసి తీసి, మంచి రేకు పెట్టి వెల్డింగ్ చేయించాలి తప్ప లప్పం పెట్టి కప్పకూడదు. అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ముందు చక్రాలు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. జాకీ పెట్టి ముందు చక్రాన్ని నేల నుంచి లేపండి, ఇరుసు కింద స్టాండు తప్పనిసరి. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. కదలిక ఉందా? ఇప్పుడు ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. కదలిక ఆగిపోతే లోపం వీల్ బేరింగుది. ఆగకపోతే కింగ్ పిన్నుది, అంటే చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్నుది. మా జీపు గంటకు 50 కిలోమీటర్లు దాటగానే స్టీరింగు వణికేది. నాలుగు టైర్లు మార్చినా పోలేదు. చివరికి ఈ పరీక్షలో రెండు నిమిషాల్లో కింగ్ పిన్ దొరికిపోయింది. టైరును అడ్డంగా, కుడి ఎడమలకు ఊపితే టైరాడ్ ఎండ్ల (స్టీరింగు కదలికను చక్రాలకు అందించే కడ్డీల చివరి కీళ్ల) సంగతి తేలుతుంది.

క్రాసులు. చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ప్రొపెల్లర్ షాఫ్టులను చేత్తో తిప్పి చూడండి. క్రాస్ జాయింటు చుట్టూ ఎర్రటి పొడి రాలి ఉంటే లోపల గ్రీజు ఎండిపోయినట్టే. అప్పుడు గ్రీజు కొట్టి సరిపెట్టకండి, క్రాస్ మార్చండి.

బ్రేకులు. వెనక చక్రం లోపలివైపు తడి కనిపిస్తే వేలితో తాకి వాసన చూడండి. చిక్కగా, గంధకం వాసన వస్తే అది ఇరుసు ఆయిల్, సీల్ పోయింది. పల్చగా ఉండి, తగిలినచోట రంగు ఊడిపోతుంటే బ్రేక్ ఆయిల్, అంటే వీల్ సిలిండర్ కారుతోంది. ఏది తగిలి లైనర్లు తడిసినా కొత్తవే వేయాలి.

పొగ, టైర్లు. బీఎస్-4కు (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో నాలుగోదానికి) ముందు డీజిల్ బండ్లకు పొగ పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనపు కొలత), బీఎస్-4కు 50. ఎయిర్ ఫిల్టర్ మార్చి, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ పరీక్ష చేయించి, ఇంజన్ బాగా వేడెక్కాకే పొగ పరీక్షకు వెళ్లండి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

నంబర్లు, మార్పులు. ఛాసిస్ నంబరు తుప్పులో కలిసిపోకుండా శుభ్రం చేసి, పెన్సిల్ ప్రింట్ స్పష్టంగా వచ్చేలా చూసుకోండి. ఇంజన్ మార్పించిన జీపులు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ మార్పు ఆర్సీలో నమోదై ఉండాలి. తయారీదారు నిర్దేశించినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది.

తనిఖీ రోజు. చిన్న గేరు (శక్తి రెండు చక్రాలకా, నాలుగింటికా అని ఎంచే లివరు) 2హెచ్‌లో, అంటే వెనక చక్రాలకే శక్తి అందేలా ఉండాలి. ముందు చక్రాలకు హబ్ లాకులు (చక్రాన్ని ఇరుసు షాఫ్టుకు కలిపే, విడదీసే తాళాలు) ఉంటే రెండూ విడిపించండి. 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ శక్తి అందేలా) ఉండగా వెనక చక్రాలను బ్రేకు పరీక్ష రోలర్ల మీద తిప్పితే, కదలిక ముందు చక్రాలకూ అందుతుంది. బండి రోలర్ల మీద నుంచి దూకేయవచ్చు. కాకపోయినా ఒక ఇరుసు బ్రేకు లెక్కలో రెండోది కలిసిపోయి, వచ్చిన అంకె నమ్మదగినది కాదు. ఎల్లప్పుడూ నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే బండి అయితే ఆ విషయం రోలర్లు ఎక్కించకముందే చెప్పి, రోడ్డు మీద నడిపి బ్రేకు చూడమని కోరండి.

కాదని తిప్పి పంపితే వాదనకు దిగకుండా కారణాలు రాసివ్వమని అడిగి, ఆ కాగితాన్నే మెకానిక్ చేతిలో పెట్టండి. కమాను కట్టలు విప్పి బిగించి ఉంటే, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వాటిని ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను మరోసారి బిగించండి.