డ్రైసూట్ మరమ్మతు – 3: మణికట్టు, మెడ సీళ్లు

పోయిన పాఠంలో జిప్పు సంగతి చూశాం. ఈసారి సీళ్లు. డ్రైసూట్ అంటే నీళ్లలో దిగేవాళ్లు ఒళ్లు తడవకుండా వేసుకునే సూట్; సీళ్లంటే దాని మణికట్ల దగ్గర, మెడ దగ్గర బిగుతుగా పట్టుకుని నీళ్లను ఆపే సాగే అంచులు.

స్కాట్లాండ్‌లో స్కాపా ఫ్లో అనే చోట, 1919లో జర్మన్లు తమ యుద్ధనౌకలను తామే ముంచేసుకున్నారు. వాటిని చూడ్డానికి తాడు పట్టుకుని దిగాను. పైకొచ్చేసరికి ఎడమ చెయ్యి మోచేతి దాకా తడి. సీల్ అంతా వెతికితే చిల్లు ఒక్కటీ లేదు!

ఒకసారి పిడికిలి బిగించి మణికట్టు లోపలి వైపు చూడండి. టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపేవి) తాళ్లలా పైకి లేస్తాయి. వాటి పక్కనున్న పల్లంలో సీల్ ఆనదు, నీళ్లు కాలువలా లోపలికి పోతాయి. తాడు గట్టిగా పట్టుకోవడమే నా తప్పు. సీల్‌ను ఓ అంగుళం మోచేతి వైపు జరిపితే చాలావరకు ఆగిపోతుంది. లోపలి స్వెట్టర్ అంచు సీల్ కింద ఇరుక్కున్నా అంతే, దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్లు పీలుస్తుంది. మెడ దగ్గర ఆ పని జుట్టు చేస్తుంది. అందుకే జిగురు డబ్బా తెరిచే ముందు ఇవన్నీ చూసుకోవాలి.

అయినా కారుతుంటే సైకిల్ ట్యూబ్ పంక్చర్ పద్ధతే. మణికట్టు సీళ్లలో ప్లాస్టిక్ సీసాలు, మెడలో బంతి దూర్చి, జిప్పు వేసి, గాలి వదిలే వాల్వ్ మూసి, సూట్‌లోకి మెల్లగా గాలి ఎక్కించండి. ఉబ్బితే చాలు, బిర్రుగా అక్కర్లేదు. సీళ్ల మీద సబ్బునీళ్లు పూయండి. బుడగ వచ్చిన చోట పెన్నుతో చుట్టండి.

లేటెక్స్ (పల్చటి రబ్బరు) సీల్‌లో సూదిబెజ్జం అయితే సబ్బు కడిగి, పూర్తిగా ఆరాక స్పిరిట్‌తో తుడవండి. సీసా లోపలే ఉంచి, ఆక్వాసీల్ లాంటి సాగే జిగురు బియ్యపు గింజంత తీసుకుని బెజ్జం చుట్టూ పల్చగా పులమండి. రాత్రంతా కదపొద్దు. నేను తొందరపడి నాలుగు గంటలకే వేసుకుంటే అతుకు ఊడి చేతికి అంటుకుంది. సిలికాన్ సీల్‌కి ఈ జిగురు పట్టదు.

అంచు చిరిగినా, లేటెక్స్ జిగటగా తగిలినా అతుకు దండగ, మార్చాల్సిందే. ఆ పని వచ్చే పాఠంలో. పాత సీల్ పారెయ్యకండి, కొత్తది కత్తిరించడానికి అదే కొలత.