సోలార్ స్టాండు కొనేముందు గాలి సంగతి చూడండి

నేల మీద సొంతంగా ప్యానెళ్లు బిగించుకునేవాళ్లు ముందు అడిగేది "ఈ స్టాండు బరువు ఆపుతుందా?" అని. రెండు చదరపు మీటర్ల ప్యానెల్ బరువు 20 కిలోలకు కాస్త అటూ ఇటూ, అంతే. అసలు టెన్షన్ గాలితోనే. ఈదురుగాలి కిందనుంచి దూరితే ప్యానెల్ తెరచాపలా పైకి లేస్తుంది. కాబట్టి గుంజల లోతులో, కాంక్రీటులో మాత్రం పిసినారితనం వద్దు. మిగుల్చుకోవాలంటే పైన మిగుల్చుకోండి: ప్యానెళ్లను బిగించే రెడీమేడ్ పట్టీలకు (రెయిల్స్) బదులు మందపాటి హాట్‌డిప్ జీఐ పైపులు, అంటే కరిగిన జింక్‌లో ముంచి పూత వేసిన ఇనుప పైపులు వాడొచ్చు.

పైపు కోసిన చోట పూత పోతుంది, అక్కడ జింక్ పెయింట్ వేయాల్సిందే. లేదంటే తుప్పు ఆ అంచు దగ్గరే మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టుల మరలకు బిగించేముందు యాంటీసీజ్ (మరలు పట్టేయకుండా రాసే గ్రీజులాంటి పేస్టు) రాయండి. నేను రాయలేదు, ఓ నట్టు సగంలో పట్టేసి ముందుకూ పోదు, వెనక్కీ రాదు. చివరికి బోల్టునే కోసేశాను.

ప్యానెల్ ఫ్రేముకు కొత్త బెజ్జాలు వేయకండి, వారంటీ పోవచ్చు. ఫ్రేమును స్టాండుకు పట్టి ఉంచే క్లాంపులు ఎక్కడ బిగించాలో మాన్యువల్‌లో కొలతలతో సహా ఉంటుంది. వంపు అంటారా, మీ ఊరి అక్షాంశానికి దగ్గరగా ఒక్కసారి పెట్టి వదిలేయండి. కోణం మార్చుకునే స్టాండుకు అదనంగా పెట్టే డబ్బుతో ఇంకో ప్యానెల్ వస్తుందేమో చూడండి.